పసుపు చుక్క

మధ్యాహ్నం ఒంటిగంటా నలభై. నాలుగింటికి మెకానిక్‌ని కోర్టులో హాజరుపరుస్తారు. అంటే నా చేతిలో ఉన్నది రెండు గంటల ఇరవై నిమిషాలు. అందులో ఇన్‌స్పెక్టర్‌గారి వెటకారానికి ఓ అరగంట తీసెయ్యాలి.

పోలీసు స్టేషన్ వెనక గోడ పక్కన బూడిదరంగు కారు ఎండలో నిలబెట్టి ఉంది. నిన్న పగలు పన్నెండుంబావుకి ఈ కారు వెనక సీట్లోంచే డెబ్బై రెండేళ్ళ పెద్దాయనని స్పృహ లేకుండా బయటికి లాగారు. వడదెబ్బ. ఇంజను నడుస్తూనే ఉంది, ఏసీ వేసే ఉంది. కాకపోతే చల్లగాలి బదులు వేడిగాలి కొట్టింది. ఆ ఏసీని రెండు రోజుల ముందు బాగుచేసిన మెకానిక్ ఇప్పుడు లాకప్‌లో ఉన్నాడు.

అతని భార్య పొద్దున్నే నా ఆఫీసుకి వచ్చి, ఏ బండికి ఏ పని చేశాడో రాసుకునే జాబ్ కార్డుల పుస్తకం బల్ల మీద పెట్టింది. "మా ఆయన తప్పు చేస్తే చేశానని చెప్పే మనిషండీ. చెయ్యలేదంటున్నాడు" అంది. ఏడవలేదు, చేతులు జోడించలేదు. ఏడ్చి ఉంటే బహుశా ఇంకెవరి దగ్గరికో పంపేదాన్ని.

డిటెక్టివ్‌నని బోర్డు పెట్టుకోకముందు పన్నెండేళ్ళు బీమా కంపెనీకి వాహనాల సర్వేయర్‌గా పనిచేశాను. కాలిన కార్లు చూశాను, మునిగిన కార్లు చూశాను, కాలినట్టు నటించిన కార్లు అంతకంటే ఎక్కువ చూశాను. ఇప్పటికీ నన్ను సర్వేయరమ్మ అనే పిలుస్తారు. పోయినేడాది ఈ ఇన్‌స్పెక్టర్ ప్రమాదమని మూసేసిన లారీ కేసు నేనే తెరిపించాను. అప్పట్నుంచీ మా ఇద్దరికీ ఉప్పూ నిప్పూ.

"రండి సర్వేయరమ్మగారూ" అన్నాడాయన గుమ్మంలోనే. "ఈసారి మీకు పని మిగల్చలేదు."

నిజం చెప్పాలంటే కేసు గట్టిగానే కట్టాడు. నిపుణుణ్ణి పిలిపించి కారు చూపించాడు. గ్యాసు నిండుగా ఉంది, కంప్రెసర్ బాగుంది. కాని ముందు భాగంలో ఏసీ వేడిని బయటికి తోసే ఫ్యాన్ ఉంటుంది, అది తిరగడం లేదు. కారు పరుగెడుతుంటే ఎదురుగాలే ఆ పని చేసిపెడుతుంది కాబట్టి లోపల చల్లగా ఉంటుంది. కారు ఆగిందా, ఇక లోపలికి వచ్చేది వేడిగాలే. ఫ్యాన్‌కి కరెంటు పంపే రిలే అని అగ్గిపెట్టెలో సగముండే నల్లటి డబ్బీ ఒకటుంది. అది కాలిపోయి ఉంది. మెకానిక్ రాసిన కార్డులో మాత్రం 'కొత్త రిలే వేశాను' అని ఉంది. కొత్తది వేశానని పాతదే ఉంచి మనిషి ప్రాణాల మీదికి తెచ్చాడన్నది ఇన్‌స్పెక్టర్ వాదన. పెద్దాయన కోలుకుంటే ఒక సెక్షను, కోలుకోకపోతే ఇంకొకటి.

మెకానిక్‌తో మాట్లాడ్డానికి ఐదు నిమిషాలిచ్చాడు, తనూ పక్కనే నిలబడి.

అతన్ని ఊళ్ళో చుక్కల మెకానిక్ అంటారు. యాభై ఏళ్ళుంటాయి, గోళ్ళలో నలుపు. తను వేసిన ప్రతి కొత్త సామాను మీదా పసుపు పెయింటుతో చుక్క పెడతాడు. తీసేసిన పాతదాని మీద మేకుతో అడ్డంగా రెండు గీతలు గీసి దాన్ని కస్టమరు చేతికే ఇస్తాడు. మార్చకుండానే మార్చానన్నాడనే మాట రాకూడదని ఇరవై ఏళ్ళ కింద పెట్టుకున్న నియమమట. ఇప్పుడు సరిగ్గా ఆ మాటే మీద పడింది.

జరిగింది చెప్పమన్నాను. సోమవారం పొద్దున కారు వచ్చిందన్నాడు. నడుస్తుంటే చల్లగా, ఆగితే వేడిగా ఉందని ఫిర్యాదు. ముందు కంప్రెసర్ పనిచేస్తోందో లేదో చెవి పెట్టి విన్నాడు, గ్యాసు ఒత్తిడి చూశాడు, తర్వాత ఫ్యాన్‌కి నేరుగా బ్యాటరీ తీగ తగిలించాడు. తిరిగింది. అంటే ఫ్యాన్ మంచిదే, రిలే చచ్చింది. కొత్తది వేసి, కారు కదలకుండా ఇరవై నిమిషాలు ఇంజను నడిపి, గాలి వచ్చే చోట థర్మామీటర్ పెట్టాడు. ఎనిమిది డిగ్రీలు. అది కార్డులో రాశాడు.

"కారు ఎవరు తీసుకెళ్ళారు?"

"ఆ ఇంటి పెద్దాయనేనమ్మా. తెల్లజుట్టు, బట్టలు మాత్రం పాతవి. ఏ డబ్బీ ఎందుకో, అది పోతే ఏమవుతుందో అన్నీ అడిగి తెలుసుకున్నారు. నేనివ్వకముందే పాతది అడిగి తీసుకుని జేబులో వేసుకున్నారు."

ఇన్‌స్పెక్టర్ పక్కనుంచి నవ్వాడు. ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉన్న మనిషి కంటే అనుకూలమైన సాక్షి ఎక్కడ దొరుకుతాడన్నాడు.

రెండుంబావు.

వాంగ్మూలం మీద సంతకం పెట్టడానికి పెద్దాయన అల్లుడు వచ్చాడు. కళ్ళజోళ్ళ దుకాణం నడుపుతాడు. నలభై దాటి ఉంటాయి. నిన్నటి చొక్కానే వేసుకున్నాడు, కళ్ళు వాచి ఉన్నాయి. కారులో పెద్దాయనని వదిలి వెళ్ళింది తనే. మెకానిక్ తప్పు కాదని తేలితే వేలు తనవైపే తిరుగుతుందని అతనికి తెలుసు. అది తెలిసిన మనిషి మాట్లాడినట్టే, ఒక్కో మాటా తూచి మాట్లాడాడు.

ఇంటి నుంచి బయల్దేరింది పదకొండూ ఇరవై. రిజిస్ట్రార్ ఆఫీసు ముందు కారు ఆపింది పదకొండూ నలభై ఐదు. దారంతా చల్లగానే ఉందట. ఆఫీసు రెండో అంతస్తులో, లిఫ్టు లేదు. పెద్దాయనకి మోకాళ్ళ నొప్పులు, పైగా ఉబ్బసం. అందుకని వెనక సీట్లో కూర్చోబెట్టి, అద్దాలెత్తి, ఏసీ వేసి, వరసలో నిలబడ్డానికి తను పైకి వెళ్ళాడు. వంతు రాగానే గుమాస్తా పుస్తకం కిందికి తెచ్చి కారు దగ్గరే సంతకం పెట్టించుకుంటాడు. అంతకుముందు రెండుసార్లూ అలాగే జరిగిందట.

సంతకం దేనికని అడిగాను. ఇల్లు కూతురి పేర రాస్తున్నారన్నాడు. కూతురంటే తన భార్య. ఆ మాట అంటూ తలదించుకున్నాడు. తలదించుకోవడం నేరం కాదని నాకు నేనే చెప్పుకున్నాను.

"అరగంటలో ఒక్కసారైనా కిటికీలోంచి కిందికి చూశారా?"

"చూళ్ళేదండి. చూసుంటే బావుండేది. రాత్రంతా అదే అనుకుంటున్నాను." "పన్నెండుంబావుకి హారన్ వినపడింది. ఆగకుండా మోగుతూనే ఉంది. వరసలో వాళ్ళందరూ విసుక్కున్నారు. నేను కూడా విసుక్కున్నానండి. మా కారని అనుకోలేదు" అన్నాడు.

"ఎందుకనుకోలేదు?"

"మా కారు హారన్ పోయి ఆర్నెల్లయింది."

ఇన్‌స్పెక్టర్ టీ తాగుతున్నాడు, వినలేదు. నేను కలం కింద పెట్టాను.

ఆర్నెల్లలో ఎవరైనా బాగుచేయించారేమో గుర్తు తెచ్చుకోమన్నాను. ఎవరూ చేయించలేదన్నాడు. తన మామగారి ఇంట్లో ఏ వస్తువైనా ప్రాణం పూర్తిగా పోయేదాకా బాగుచేయించరు, పోయాక పారెయ్యరు. విరిగిన గొడుగులకి ఒక గదే ఉంది. కారు వెనక అద్దాలు దిగడం మానేసి ఏడాదైంది. ఏసీ కూడా బాగుపడేది కాదు, తండ్రి ఆయాసం చూడలేక కూతురు పట్టుబట్టి పంపించింది.

ఫైలు తీసుకుని పార్కింగ్ కాపలాదారు వాంగ్మూలం చదివాను. హారన్ మోత విని పరుగెత్తాడు. పెద్దాయన వెనక సీటు మీంచి ముందు సీట్ల మధ్యకి వాలిపోయి ఉన్నాడు. కాపలాదారు వెనక తలుపు పట్టుకుని లాగితే వెంటనే వచ్చింది. తాళం పడి లేదు. ఈ వాక్యం కింద ఇన్‌స్పెక్టర్ ఎర్ర గీత కూడా పెట్టుకున్నాడు, అల్లుడు తాళం వెయ్యలేదు కాబట్టి అతని తప్పేమీ లేదని.

బయటి నుంచి అంత సులువుగా వచ్చిన తలుపు లోపలి మనిషికి ఎందుకు రాలేదు? మోకాళ్ళ నొప్పులుంటే మెట్లెక్కలేడు సరే. తలుపు గొళ్ళెం లాగడానికి మోకాళ్ళతో పనేముంది?

కారు చూడాలన్నాను. నిపుణుడు చూశాడు కదా అన్నాడు ఇన్‌స్పెక్టర్. నిపుణుణ్ణి ఏసీ చూడమన్నారు, ఏసీయే చూశాడు అన్నాను. ఆయన గడియారం చూపించి పదిహేను నిమిషాలన్నాడు. వాంగ్మూలాలు రాసే స్టేషన్ రైటర్‌ని కాగితాలతో వెంట తీసుకొచ్చాడు, నేనేదైనా జేబులో వేసుకుంటానేమోనని కాబోలు.

రెండూ ముప్పై ఐదు. ఇంజను వేసి ఏసీ పెట్టాను. సంచిలోంచి థర్మామీటర్ తీసి గాలి వచ్చే చోట గుచ్చాను. మొదటి నిమిషం ఇరవై రెండు. మూడో నిమిషం ఇరవై తొమ్మిది. ఆరో నిమిషానికి ముప్పై ఎనిమిది. బానెట్ ఎత్తి చూస్తే ఇంజను ఫ్యాన్ తిరుగుతోంది, దాని పక్కనున్న ఏసీ ఫ్యాన్ మునిలా కదలకుండా కూర్చుంది. ఇంతవరకూ నిపుణుడు చెప్పిందే.

స్టీరింగ్ మధ్యలో రూపాయి బిళ్ళంత గుండ్రటి మరక ఉంది, బూడిద రంగులో. చేతికర్ర చివరి రబ్బరు తొడుగు మరక. వెనక సీటు కింద చేతికర్ర ఇంకా అలాగే పడి ఉంది. తెచ్చి మరక మీద ఆనించాను. సరిపోయింది. పెద్దాయన కూర్చున్నచోటు నుంచి ముందుకి వంగి, కర్ర చాచి, ఉన్న బలమంతా పెట్టి హారన్ నొక్కాడు.

హారన్ నొక్కాను. స్టేషన్ గోడ మీది కాకులు లేచిపోయాయి.

"నిన్న ఈ కారు ఇక్కడికి తోలుకొచ్చిందెవరు?"

"నేనే" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"దారిలో హారన్ కొట్టారా?"

"కొట్టకుండా బండి ఎవరు తోలతారు మేడమ్?"

"ఇది ఆర్నెల్లుగా మోగని హారన్."

వెనక తలుపు తెరిచాను. తలుపు అంచున, మూస్తే కనపడకుండా పోయే చోట, వేలిగోరంత మీట ఉంటుంది. నడుస్తున్న కారులో పిల్లలు తలుపు తెరవకుండా పెట్టే తాళం అది. కిందికి నొక్కితే తలుపు బయటి నుంచే తెరుచుకుంటుంది, లోపలి నుంచి తెరుచుకోదు. తలుపు అంచంతా ఏళ్ళ నాటి దుమ్ము. మీట మీద మాత్రం లేదు. రెండో వైపు చూశాను. అక్కడా అంతే. రెండు మీటలూ కిందికే ఉన్నాయి.

గుమ్మంలో నిలబడ్డ అల్లుణ్ణి ఇంట్లో చిన్నపిల్లలున్నారా అని అడిగాను. తమకి పిల్లలు లేరన్నాడు.

ఇన్‌స్పెక్టర్ వంగి ఆ మీట వైపు చాలాసేపు చూశాడు. చూసినా పట్టు వదల్లేదు. మీట ఎప్పుడో ఎవరో పొరపాటున తగిలించి ఉంటారన్నాడు. మెకానిక్ చేసిన మోసం మోసమే, రిలే పాతదే అన్నాడు.

బానెట్ కింద పక్కనున్న నల్లపెట్టె మూత తీశాను. ఏ రిలే దేనిదో మూత లోపలే బొమ్మ వేసి ఉంటుంది. ఫ్యాన్ చోట ఉన్నది బయటికి లాగాను. కాలిన వాసన. మీద మేకుతో అడ్డంగా రెండు గీతలు. తర్వాత రైటర్ని దగ్గరికి పిలిచి, రెండడుగుల దూరంలో నిలబెట్టి, హారన్ చోట ఉన్నది లాగాను.

నల్లటి డబ్బీ మీద పసుపు చుక్క.

రైటర్ ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు. ఇన్‌స్పెక్టర్ పసుపు చుక్క వైపు చూశాడు. రెండు రిలేలూ ఒకే కొలత, ఒకే కాళ్ళు, ఒకదాని బదులు ఒకటి వాడుకోవచ్చు. ఆర్నెల్లుగా చచ్చింది హారన్ కాదు, దాని రిలే.

"తప్పుచోట పెట్టాడు" అన్నాడు ఇన్‌స్పెక్టర్ చివరికి. "మోసం కాకపోతే నిర్లక్ష్యం. సెక్షను మారుతుంది, మనిషి మారడు."

"ఈ కార్డు చదివారా?" జాబ్ కార్డుల పుస్తకం తెరిచి కార్బన్ కాపీ ఆయన ముందు పెట్టాను.

"వాడి చేతిరాత. వాడికి వాడే సాక్షి."

"కింద రెండో వరస చదవండి."

చదివాడు. 'హారన్ మోగడం లేదు. చూడమంటారా అంటే వద్దన్నారు.' కింద కారు తీసుకెళ్ళినవాళ్ళ సంతకం.

"కొత్త రిలే మెకానిక్ తప్పుగా హారన్ చోట పెట్టి ఉంటే షాపులోనే హారన్ మోగేది" అన్నాను. "మోగలేదని రాసి ఉంది, కస్టమరు సంతకం పెట్టాడు. అంటే సోమవారం సాయంత్రం పసుపు చుక్క ఫ్యాన్ దగ్గరే ఉంది. అందుకే ఎనిమిది డిగ్రీలు. ఇంటికెళ్ళాక ఎవరో మంచిది పీకి, మెకానిక్ తిరిగిచ్చిన చచ్చినదాన్ని దాని చోట పెట్టారు. నడుస్తుంటే చల్లగా ఉంటుంది, ఆగితే ఉడికిపోతుంది. పెద్దాయన ఆగిన కారులో కూర్చుంటాడని తెలిసిన మనిషి చేసిన పని. తలుపులు కూడా చూసుకున్నాడు."

"చేసినవాడు ఆ మంచిదాన్ని పారెయ్యక హారన్‌కి ఎందుకు పెడతాడు?"

"పారెయ్యలేక" అన్నాడు అల్లుడు.

మేమిద్దరం తిరిగి చూశాం. అతను కార్బన్ కాపీ మీదికి వంగి ఉన్నాడు. మొహంలో రంగు లేదు.

"ఇది మీ మామగారి సంతకమేనా?" అన్నాను.

"కాదండి. మామయ్యగారు కారు తోలి రెండేళ్ళయింది. ఇది చిన్న మామయ్యగారిది." వేలు సంతకం మీద నుంచి తియ్యలేదు. "అన్నదమ్ములిద్దరూ ఒక్క అచ్చులో పోసినట్టుంటారు. కొత్తవాళ్ళు ఎవరు ఎవరో పోల్చుకోలేరు. ఆయన కింది వాటాలో ఉంటారు. ఇల్లు మా ఆవిడ పేరుకి మారితే ఖాళీ చెయ్యాలేమోనని ఆయనకి దిగులు. ఉండమనే చెప్పాం. నమ్మలేదు."

మెకానిక్ అబద్ధం చెప్పలేదు. తెల్లజుట్టు, పాతబట్టలు, అన్నీ అడిగి తెలుసుకున్న మనిషి. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే నాలాంటిదానికి కూడా, పెద్దాయన అనగానే ఇంట్లో ఇంకో పెద్దాయన ఉంటాడన్న ఆలోచన రాలేదు. నా మీద నాకే కోపం వచ్చింది. దానికి టైము లేదు.

"ఆయనిప్పుడు ఎక్కడున్నారు?"

"ఆసుపత్రిలోనేనండి. రాత్రి నుంచీ మా ఆవిడ కూర్చుంది. ఒంటిగంటకి ఆయన వచ్చి, 'నువ్వెళ్ళి కాస్త కునుకు తియ్యమ్మా, అన్నయ్య దగ్గర నేనుంటాగా' అని ఇంటికి పంపేశారు."

మూడూ రెండు నిమిషాలు. ఇన్‌స్పెక్టర్ అప్పటికే ఫోను తీశాడు. నన్ను వెటకారం చేసిన ఆ గొంతుతోనే పెద్దాయన ఎలా ఉన్నారని ఆసుపత్రి నర్సుని అడిగాడు, అందరికీ వినపడేలా పెట్టి.

నర్సు సంతోషంగా చెప్పింది. పెద్దాయనకి అరగంట కిందట తెలివొచ్చింది. తలుపు, తలుపు అని రెండు మాటలు కూడా అన్నారు. తమ్ముడుగారు పక్కనే ఉన్నారు, పాపం కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

"అన్నగారికి చలేస్తోందని గదిలో ఏసీ ఆపేయించారండి. నిద్రపోతారు, ఎవర్నీ రానివ్వద్దన్నారు."

వెంటనే లోపలికి వెళ్ళమన్నాడు ఇన్‌స్పెక్టర్. ఫోను అటు బల్ల మీద పెట్టిన చప్పుడు. అడుగుల చప్పుడు. తలుపు తట్టిన చప్పుడు, మళ్ళీ తట్టిన చప్పుడు. తర్వాత ఆమె గొంతు, ఇందాకటి సంతోషం లేకుండా.

"లోపల గడియ పెట్టుందండి. తియ్యట్లేదు."

వార్డు మనుషుల్ని పిలిచి తలుపు పగలగొట్టమని చెప్పి ఫోను జేబులో వేసుకున్నాడు. స్టేషన్ జీపు కోర్టు కాగితాల కోసం వెళ్ళింది. ఆవరణలో ఉన్నది ఈ కారొక్కటే. రైటర్ వైపు తిరిగి, నాలుగింటికి మెకానిక్‌ని తీసుకెళ్ళే పని లేదు, లాకప్ తాళం తీసి కుర్చీ వేయించు అన్నాడు. క్షమించమని ఎవర్నీ అడగలేదు. ఆయనకి అది చేతకాదు, నాకు అవసరమూ లేదు.

పసుపు చుక్క ఉన్న రిలే ఇంకా నా అరచేతిలోనే ఉంది. ఫ్యాన్ దగ్గర పెట్టనా, హారన్ దగ్గర పెట్టనా అనడిగాను. సాక్ష్యాన్ని ఇలా ముట్టుకోకూడదని నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు.

"హారన్‌కి పెట్టండి" అన్నాడు.

పెట్టి, స్టీరింగ్ పట్టిన ఇన్‌స్పెక్టర్ పక్కన ఎక్కాను. వెనక అల్లుడు కూర్చున్నాడు, ఎక్కేముందు తలుపు అంచున మీట తనే పైకెత్తుకుని. ఇంజను లేవగానే నిప్పులాంటి గాలి ముగ్గురి మొహాలనీ కొట్టింది. ఎవరమూ ఏసీ కట్టెయ్యలేదు. గేటు దాటేసరికి ఎదురుగా బళ్ళు కిక్కిరిసి ఉన్నాయి. మంచి వస్తువుని పారెయ్యడం చేతకాని మనిషి ఆ హారన్‌కి ప్రాణం పోశాడు, అదే నిన్న అన్నగారి ప్రాణం నిలబెట్టింది. ఇన్‌స్పెక్టర్ దాని మీద పెట్టిన చెయ్యి ఆసుపత్రి గేటు దాకా తియ్యలేదు.